క్రొత్త పుటను చదువు నేర్పు

ప్రాథమిక తరగతులలో పని చేసిన ప్రతి యుపాధ్యాయుడును ఎఱిగిన సంగతి యొకటి కలదు. బాలుడు వాచకమును చేతబట్టి పాఠమును గడగడ చదువుచుండును. ఒక్క యక్షరమైనను తప్పడు. తనిఖీకి వచ్చిన యధికారి సంతోషించి దగ్గఱకు పోయి చూచినచో, బాలుని వ్రేలు వేఱొక పంక్తిమీద నుండును. ఒక్కొక్కప్పుడు పుటయే వేఱుగా నుండును. బాలుడు చదువలేదు, అప్పగించినాడు. వానికి చెవి యున్నది, జ్ఞాపకశక్తి యున్నది; చదువు మాత్రము రాలేదు. ఇట్టి బాలురను చూచి మేము పలుమాఱులు నవ్వితిమి. సంగీతవిషయమున అట్టి బాలురను మేమే తయారు చేయుచున్నామని తెలిసికొనుటకు మాకు ఇరువది యేండ్లు పట్టినది.

మా పాఠశాల గాయకబృందములో పెరిగిన పూర్వవిద్యార్థి యొకడు వయొలిను వాయించుటలో మంచి పేరు తెచ్చుకొనెను. ఏ పాటనైనను రెండు మాఱులు విన్నచో మూడవమాఱు తానే వాయించెడివాడు. అతడు గడచిన యేట దూరపు పట్టణములో ఒక వాద్యబృందమువారు జరిపిన యెన్నిక పరీక్షకు పోయెను. దానిని ఆడిషన్ అని యందఱు నందురు గనుక మేమును అట్లే యందుము. ముందుగా తెలిపియుంచిన కృతులను అతడు చక్కగా వాయించెను. పిమ్మట వారు అతడు మున్నెన్నడును చూడని కాగిత మొకటి యెదుట బెట్టి, అర నిమిషము చూచుకొని వాయింపుమనిరి. మొదటి బారు వాయించెను, రెండవదానిలో ఆగెను, మరల మొదలుపెట్టెను, మరల ఆగెను. "చాలును, మీరు వచ్చినందుకు సంతోషము" అని వారు మర్యాదగానే పంపివేసిరి.

తిరిగి వచ్చి అతడు మాతో ననిన మాట యిది: "మాస్టారూ, నాకు వాయించుట రాదని వారనలేదు. చదువుట రాదని తేలిపోయినది." ఆ మాట మాకు గ్రుచ్చుకొన్నది. ఏలయన, అతనికి మొదట పాట నేర్పినవారము మేమే. పదియేండ్లు మేము పాడి వినిపింపగా అతడు పాడెను. స్వరములు అచ్చువేసిన పుస్తకము అతని చేతిలో నుండెను. కన్నులు మాత్రము మా నోటిమీద నుండెను. వ్రేలు వేఱొక పంక్తిమీద బెట్టిన బాలునికిని అతనికిని భేదమేమి? ఆ దోషము బాలునిదా, ఉపాధ్యాయునిదా?

మున్నెన్నడును చూడని స్వరలిపిని చూచినంతనే తాళము తప్పక వాయించుటను ఆంగ్లమున సైట్ రీడింగు అందురు. మనము తొలిచూపు పఠనమందము. ఈ నేర్పు పుట్టుకతో వచ్చు వరమని చాలమంది నమ్మకము. కాదని మా యభిప్రాయము. ఇది అక్షరాస్యతవంటిది. చిన్ననాట ప్రతిదినమును కొంచెము కొంచెముగా నేర్పినచో ఎల్లరకును వచ్చును; నేర్పకున్నచో ఎంతటి ప్రజ్ఞావంతునికైనను రాదు. కావున దానిని నేర్పుట పాఠశాల విధి. ఈ మాటకు ఆధారములు చూపుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మొదట, వాద్యబృందములు ఈ పరీక్ష నేల పెట్టునో తెలిసికొనవలయును. గొప్ప బృందముల ఆడిషన్లలో వాయింపవలసిన కృతిభాగముల పట్టికను ముందే పంపుదురు. వయొలిను వారికి రిచర్డ్ స్ట్రాస్ వ్రాసిన 'డాన్ హ్వాన్' మొదటి పుటయు, షూమన్ రెండవ సింఫొనీలోని స్కెర్ట్సో భాగమును ఆ పట్టికలలో తఱచుగా నుండును. అభ్యర్థి యెవరో తెలియకుండ నడుమ తెర కట్టి వినుట కూడ అనేక బృందముల యాచారము. ముఖము చూడరు, ఊరు అడుగరు, సిఫారసు వినరు. తుదకు కొన్నిచోట్ల పట్టికలో లేని పుట నొకటి ముందుంచెదరు. నెలలతరబడి సాధన చేసిన పుటలు అభ్యర్థి యోపికను తెలుపును. తెలియని పుట మాత్రము, రేపు పనిలో చేరినపిమ్మట అతడెట్లుండునో తెలుపును. వాద్యబృందమునకు వారము వారము క్రొత్త కచ్చేరి. సాధనకు దొఱకునవి కొన్ని దినములే. సినిమా సంగీతము రికార్డు చేయు స్టూడియోలలో అంతమాత్రపు వ్యవధియు నుండదు. కాగితము వచ్చును, ఒకటి రెండు మాఱులు వాయించి చూతురు, రికార్డు చేయుదురు.

ఇది పరదేశపు సంగతి మాత్రమే కాదు. ఇళయరాజాగారు వాద్యములన్నింటికిని స్వరములను తామే వ్రాసి యిచ్చుటయు, చెన్నపట్టణపు స్టూడియోలలో వాద్యకారులు ఆ కాగితములను చూచి వాయించుటయు అందఱెఱిగినదే. తెలుగువారు పాడుకొను సినిమాపాటలు ఎన్నియో అట్లు పుట్టినవే. 2025 మార్చి 8వ తేదీన లండనులో రాయల్ ఫిల్‌హార్మనిక్ వాద్యబృందము ఆయన సింఫొనీని వాయించినది. పణ్ణైపురమను తమిళ గ్రామములో పుట్టిన మనుష్యుని మనస్సులోని నాదము, ఆయన భాష యెఱుగని వాద్యకారుల చేతులలో పలికినదనగా, నడుమ నిలిచినది ఆ యైదు గీతల కాగితమే. మన దేశమునందును 2006లో ముంబయి నగరమున సింఫొనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా అను వృత్తిబృందము నేషనల్ సెంటర్ ఫర్ ది పెర్ఫార్మింగ్ ఆర్ట్స్‌లో ఏర్పడినది. దానిలో పరదేశపు వాద్యకారులు అనేకులు కూర్చుండిరి. ఆ కుర్చీలలో మన పిల్లలు కూర్చుండవలయునని కోరువారు ముందుగా వారికి చదువుట నేర్పవలయును.

ఇక్కడ తలిదండ్రులకు ఒక హెచ్చరిక చేయుదుము. మన పట్టణములలో పలువురు బాలురు లండనులో 1889లో స్థాపింపబడిన ఏ.బి.ఆర్.ఎస్.ఎం. సంస్థవారి గ్రేడు పరీక్షలకు పోవుచున్నారు. ఆ వాదన పరీక్షకు మొత్తము 150 మార్కులు. మూడు కృతులకు ముప్పదేసి, స్కేళ్లకు 21, తొలిచూపు పఠనమునకు 21, చెవి పరీక్షకు 18. ఉత్తీర్ణతకు 100 చాలును. అనగా తొలిచూపు పఠనములో ఎంత తడబడినను, తక్కిన భాగముల బలముచేత పట్టా పుచ్చుకొనవచ్చును. ఇది యెఱిగినవారు ఆ భాగమును పరీక్షకు ముందు వారములో మాత్రమే తడవి చూచుదురు. 2020లో అదే సంస్థవారు ప్రారంభించిన పెర్ఫార్మెన్సు గ్రేడులలో తొలిచూపు పఠన పరీక్షయే లేదు. ఆ పరీక్షను మేము నిందింపము. దాని ప్రయోజనము దానికి కలదు. కాని గోడకు వ్రేలాడు పట్టాను చూచి 'మా వాడు ఎనిమిదవ గ్రేడు' అని సంతోషించు తండ్రి, ఒక్క మాఱు ఎదుట ఒక క్రొత్త పాటను బెట్టి వాయింపుమని అడిగి చూడవలయును. గ్రేడు పరీక్షలో మార్కులు కూడుదురు, ఆడిషనులో కూడరు. అక్కడ ఒక్క తడబాటుతోనే తలుపు మూసికొనవచ్చును.

ఇక వరమా, అలవాటా యను ప్రశ్న. 1974లో జాన్ స్లొబోడా అను మనశ్శాస్త్రజ్ఞుడు ఒక పరిశోధనను ప్రకటించెను. వాద్యకారులు క్రొత్త పుటను చూచి వాయించుచుండగా నడుమ ఆ పుట కనబడకుండ చేసి, అటుపిమ్మట వారెన్ని స్వరములు సరిగా వాయింపగలరో లెక్కించెను. నేర్పరులు ఏడు స్వరములవఱకును వాయించిరి. నేర్పు చాలనివారు మూడు నాలుగింటితో ఆగిరి. అనగా నేర్పరి కన్ను చేతికంటె ముందు నడుచుచుండును.

మఱియొక కథ యింకను విచిత్రము. బోరిస్ గొల్డోవ్‌స్కీ యను పియానో విద్వాంసుని యొద్ద, పుటను తొందరగా చదువలేని శిష్యురా లొకతె బ్రామ్స్ వ్రాసిన ఓపస్ 76లోని రెండవ కృతిని వాయించుచు ఒక స్వరము తప్పెను. ఆయన సరిదిద్దబోగా, పుస్తకములో అట్లే యున్నదని ఆమె చూపెను. నిజముగా అది అచ్చుతప్పు. అన్నియేండ్లుగా ఆ పుటను వాయించిన గొప్పవా రెవరికిని అది కనబడలేదు. ఆయన పిమ్మట నేర్పరులను పిలిచి, ఆ కృతిలో అచ్చుతప్పు ఒకటి యున్నది, కనుగొనుడని చెప్పి వాయింపజేసినను వారు కనుగొనలేదు. ఉండవలసిన స్వరమునే తెలియకయే వాయించిరి. ఏలయన వారు అక్షరములు కూడబలుకుకొనుట లేదు. మాటలుగా, వాక్యములుగా చదువుచున్నారు.

శిక్షణ కళాశాలలో మాకు నేర్పిన అక్షరపద్ధతి, పదపద్ధతి, వాక్యపద్ధతి యనునవి మాకు ఇక్కడ జ్ఞప్తికి వచ్చినవి. 'క', 'మ', 'ల', 'ము' అని వేఱువేఱుగా చూచు బాలుడు ఆగి ఆగి చదువును. 'కమలము' అని ఒక్క చూపులో పట్టుకొన్నవాడు చదువరి యగును. స్వరలిపియందును అంతే. సి, ఇ, జి అను మూడు స్వరములను మూడుగా చూచువాడు అభ్యాసి. సి మేజరు కార్డు అని యొక్కటిగా చూచువాడు చదువరి. 1996లో లేమన్, ఎరిక్సన్ అను నిద్దఱు పియానో వాద్యకారులను పరీక్షించి, ఒంటరిగా కచ్చేరి చేయువారికంటె ఇతరుల పాటకు తోడు వాయించువారు తొలిచూపు పఠనమునందు మేలుగా నున్నారని కనుగొనిరి. తోడు వాయించువానికి దినదినము క్రొత్త పుటలు వచ్చును గదా! వారిది వరము కాదు, వాడుక.

మన పాఠశాలలకు ఈ విద్య క్రొత్తదియు కాదు. పదునొకండవ శతాబ్దపు ఆరంభమున ఇటలీ దేశపు గ్విడో అను సన్న్యాసి, పాటలను వినికిడిచేతనే నేర్చుకొను బాలురు పదియేండ్లు కష్టపడియు క్రొత్త పాటను తమంతట పాడలేకుండుట చూచి, గీతలమీద స్వరములు వ్రాయు పద్ధతిని స్థిరపఱచెను. 'ఉత్, రే, మీ, ఫా, సోల్, లా' అను పేర్లు ఆయన బోధనుండి వచ్చినవే. ఈ పద్ధతిచేత ఏడాదిలో, మించిన రెండేండ్లలో గాయకుని తయారు చేయవచ్చునని ఆయన వ్రాసెను. 1841లో ఇంగ్లాండులోని హల్ పట్టణమున సండే స్కూలు ఉపాధ్యాయులు సమావేశమై, పాట నేర్పుటకు సులభమైన దారి వెదకుమని జాన్ కర్వెన్ అను యువ పాదిరిని కోరిరి. ఆయన సంగీతవిద్వాంసుడు కాడు. నార్విచ్ పట్టణపు ఉపాధ్యాయిని సారా గ్లోవర్ కల్పించిన పద్ధతిని తీసికొని టానిక్ సోల్ఫాగా ప్రచారము చేసెను. స్థాయి యేదైనను ఆధారస్వరము 'డో' యే యగును, మన షడ్జమువంటిది. 'స రి గ మ' యెఱిగిన తెలుగు బాలునికి ఇది పరాయి విద్య కానేకాదు. తెలిసినదానినుండి తెలియనిదానికి నడిపింపుమను బోధనాసూత్రమునకు ఇంతకంటె మంచి యుదాహరణము దొఱకదు.

ఆడిషనుకు సిద్ధపడుచున్న విద్యార్థులారా, మాకు తెలిసిన సాధనక్రమమును చెప్పుదుము, వినుడు.

మొదటిది, చూచుకొనుటకిచ్చిన అర నిమిషమును వ్యర్థపుచ్చకుడు. ఆ వ్యవధిలో మొదటి బారును దొంగచాటుగా వాయించి చూచుకొనువారు చాలమంది. అది తప్పు. ముందు కీ సిగ్నేచరు, పిమ్మట టైమ్ సిగ్నేచరు, అటుపిమ్మట నడుమ వచ్చు షార్పులు, ఫ్లాటులు చూడవలయును. పుటలో మిక్కిలి కష్టమైన బారు ఏదో కనుగొని, దానిని వాయింపగల వేగముతోనే మొదటి బారును ఆరంభింపవలయును.

రెండవది, ఆగకుడు. తప్పిన స్వరము గడచిపోయినది. దానిని దిద్దబోయి తాళమును చెఱుపుట రెండవ తప్పు. బృందములో ఒకడాగినను తక్కినవారు ఆగరు. కావున మెట్రోనోము పెట్టుకొని, స్వరము పోయినను తాళము పోనీయక చివరి బారువఱకు పోవుట అలవఱచుకొనుడు. వాయించుటకు ముందు లయను చేతులతో చఱచి చూచుట మేలు.

మూడవది, కన్నును ముందుకు నడిపింపుడు. స్నేహితు నొకని ప్రక్కన నిలిపి, మీరు వాయించుచున్న బారును అతడు పోస్టుకార్డుతో కప్పుచు పోవునట్లు చేయుడు. కప్పినది చూడలేరు గనుక కన్ను తప్పక ముందునకు పరుగెత్తును.

నాలుగవది, స్కేళ్లను, ఆర్పెజియోలను ఇరువదినాలుగు స్థాయిలలోను దినము తప్పక సాధింపుడు. క్రొత్త పుటలో కనబడునవి ముప్పాతిక పాలు ఇవియే, వేషము మార్చుకొని వచ్చినవి.

ఐదవది, అన్నింటికంటె ముఖ్యమైనది. ప్రతిదినమును క్రొత్త పుట చదువుడు. చదివినదానిని మరల చదువకుడు. రెండవమాఱు చదువునది సాధన యగును గాని తొలిచూపు కాదు. మీరు కచ్చేరికి వాయించు కృతులకంటె రెండు మెట్లు తేలికైన పుటలు తీసికొనుడు. పుటలు లేవను సాకు చెల్లదు. నాలుగు గొంతులకు స్వరపఱచిన పాటపుస్తకములో ఒక్కొక్క పాట నాలుగు పాఠములు: నేడు సొప్రానో, రేపు ఆల్టో, ఎల్లుండి టెనరు, ఆ మఱునాడు బేసు. 2006 నుండి ఐ.ఎం.ఎస్.ఎల్.పి. అను గ్రంథభాండారము కాపీహక్కు తీరిన వేలకొలది కృతులను ఇంటర్‌నెట్టులో ఉచితముగా నిచ్చుచున్నది. పూటకు పది నిమిషములలో రెండు చిన్న పాటలు చదువవచ్చును. ఏడాదికి 200 దినములని లెక్కించినను 400 పాటలగును. పరీక్షకు ముందు వారములో కూర్చుండి నాలుగు వందల పాటలు చదువగలవా రెవరు?

ఆఱవది, ఒంటరిగా నుండకుడు. గాయకబృందమునకు తోడు వాయింపుడు. ఇద్దఱు ముగ్గురు కూడి క్రొత్త పుటను ప్రయత్నింపుడు. ప్రక్కవాడు ఆగడు గనుక మీరును ఆగరు.

మా మాటకు రెండు ఆక్షేపణలు వచ్చును. మన సంగీతము వినికిడి విద్య, గురుముఖమున నేర్వవలసినది, కాగితమునకు కట్టుబడినచో ప్రాణము పోవునని కొందఱందురు. కర్ణాటక సంగీతవిషయమున ఈ మాటను మేము శిరసావహింతుము. గమకమును కాగితము పట్టలేదు. కాని ఆర్కెస్ట్రాలో కూర్చుండగోరు బాలునికి ఈ సమాధానము చాలదు. ఆ విద్యకు ఆ భాష యున్నది. దానిని నేర్వకయే అందులో బ్రదుకుదు ననుట తగదు. అదియు గాక, చెవి యున్నవానికి చదువు శత్రువు కాదు. చూచిన స్వరమును వాయించుటకు ముందే మనస్సులో వినగలుగుట చెవి పనియే. మా శిష్యుని చెవి వ్యర్థము కాలేదు. దానికి తోడు లేకపోయినది.

రెండవ ఆక్షేపణ నేటిది. ఏ పుటనైనను చేతిఫోను వాయించి వినిపించుచుండగా చదువుట ఎందుకని పిల్లలు అడుగుచున్నారు. పత్రికను చదివి వినిపించు యంత్రము వచ్చినది గనుక అక్షరములు మానుకొందమా? ఫోను వినిపించినదానిని అనుకరించు బాలుడు, మా నోటిని చూచి పాడిన బాలునికి తమ్ముడే. ఆడిషను గదిలో ఆ ఫోను జేబులో మూగగా నుండును.

కావున మా కోరిక చిన్నది. ప్రతి యుదయమును ప్రార్థనసభకు ముందు పది నిమిషములు గాయకబృందమువారు ఒక క్రొత్త పాటను, ఎవరును ముందు పాడి వినిపింపకయే, పుస్తకమును చూచి పాడవలయును. ఉపాధ్యాయుడు ఆధారస్వరము నిచ్చి ఊరకుండవలయును. ఊరకుండుట మాకు ఎంత కష్టమో మేమెఱుగుదుము. పిల్లలు తప్పుచుండగా నోరు తెఱచి సరిచేయవలయునని గొంతు కొట్టుకొనును. అయినను ఊరకుండవలయును. మొదటి నెల వినుటకు ఇంపుగా నుండదు. తల్లిదండ్రులును, తోడి యుపాధ్యాయులును ఓర్చుకొనవలయును.

ఈ పని మేము ఈ యేడు ఆరంభించితిమి. మాకును ఈ నేర్పు తక్కువయే గనుక, మొదటి దినమున హార్మోనియము ముందు కూర్చుండి, బాలు రెన్నుకొన్న క్రొత్త పుటను వారి యెదుటనే వాయించితిమి. మూడు చోట్ల తప్పితిమి, పిల్లలు నవ్విరి. నవ్వనిచ్చితిమి, కాని ఆగలేదు. నలువది దాటిన మాస్టారు తప్పుచునే చివరివఱకు పోవుట చూచి, వెనుక బల్లమీది పిఱికి బాలిక యొకతె మఱునాడు తానై పుస్తకము తెఱచినది.

మా పూర్వవిద్యార్థియు ఇప్పుడు ప్రతి యుదయమును వచ్చి, ఆఱవ తరగతి పిల్లల ప్రక్కన నిలిచి, వారితోపాటు క్రొత్త పుట చదువుచున్నాడు. మరల పరీక్షకు పోవుదునని చెప్పుచున్నాడు. ఫలమేమగునో మేమెఱుగము. కాని అతని కన్నులు ఇప్పుడు మా నోటిమీద లేవు, పుటమీద నున్నవి. ఆ చూపును అతనికి పదియేండ్ల క్రిందటనే ఇయ్యవలసినవారము. ప్రక్కన నిలిచిన యా పిల్లలకైనను మేము ఆలస్యము చేయకుందుము గాక.